హుగ్లీ ఒడ్డున ఒక అంగుళం ఎత్తు

ఒకనాడు దేశమంతటికీ కార్లు పంపిన ఊరికి ఒక పాత అంబాసిడర్ తిరిగి వెళ్ళింది. అది ఇంట్లో ఉండాలా, పాత ఇనుము వ్యాపారికి పోవాలా అన్నది దాని ముందు చక్రాల మీద ఆధారపడి ఉన్నది.

కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నది వంతెన దాటుతున్నప్పుడు కారు ముందుభాగంలో కుడివైపు నుంచి మరొకసారి "ఠప్" మని చప్పుడు వచ్చింది. వంతెన అతుకుల మీద చక్రం ఎక్కి దిగిన ప్రతిసారీ అదే చప్పుడు. తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో బయలుదేరినప్పటి నుంచి నా చెవి దాని మీదనే ఉన్నది. నదిమీద మంచు ఇంకా విడలేదు. కుడిపక్క థర్మల్ విద్యుత్ కేంద్రం గొట్టాలు మసకగా కనిపిస్తున్నాయి. నా చేతుల్లో స్టీరింగు ఎడమకు లాగుతున్నది. దాన్ని అదిమి పట్టుకొని గంటకు 40 కిలోమీటర్లకు మించకుండా నడుపుతూ వెళ్ళాను.

ఆ కారు మా నాన్నగారిది. 1978లో తయారైన అంబాసిడర్ మార్క్ 3. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పదవీ విరమణ పొందిన సంవత్సరం, 1986లో, భవిష్యనిధి సొమ్ముతో దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. ఆయన పోయిన తరువాత కూడా అమ్మ ఆ ఇంటిని వదలలేదు, కారునూ వదలలేదు.

ఆమెకు 84 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. కొత్త కార్లలో కొన్ని మరీ లోతుగా ఉంటాయి, వంగి దూరాలి. కొన్ని మరీ ఎత్తు, కాలు పైకెత్తాలి. అంబాసిడర్ వెనుక సీటు మాత్రం ఇంట్లో కుర్చీ అంత ఎత్తు. వెనక్కు తిరిగి కూర్చొని కాళ్ళు లోపలికి తీసుకుంటే చాలు. గుడికీ, ఆసుపత్రికీ, చుట్టాల ఇళ్ళకూ ఆమె వెళ్ళిందంటే ఈ కారు వల్లనే.

నిరుడు చలికాలంలో కారు కుడివైపుకు ఒరిగింది. దగ్గరలోని ఒక వర్క్‌షాపులో చూపించాను. వాళ్ళు ముందు కుడిపక్క ఎత్తు పెంచి, ఒక్క పూటలో పని ముగించి పంపారు. చూడడానికి కారు నిటారుగానే నిలబడింది. కాని ఆ రోజు నుంచి ప్రయాణం నరకమైంది. ప్రతి గుంటకూ ఠప్పుమనే చప్పుడు, బ్రేకు వేస్తే పక్కకు లాగడం. రెండు నెలల్లో ఎడమ ముందు టైరు ఒక అంచున నున్నగా అరిగింది. నడుము పట్టేసిన అమ్మ, "ఇక నేను బయటికి రాను, నాయనా, నన్ను ఇంట్లోనే ఉండనీ," అన్నది. అన్నయ్య ఫోనులో మాట తేల్చి చెప్పాడు: "అమ్మ ఎక్కలేని కారు మనకెందుకురా? నెలాఖరులోగా బాగుపడితే సరే, లేదంటే అమ్మేయి." పాత ఇనుము వ్యాపారి అప్పటికే వచ్చి బేరం చెప్పి వెళ్ళాడు.

అందుకే ఈ ప్రయాణం. కారు ఎక్కడ పుట్టిందో అక్కడికే తీసుకుపోవాలని బయలుదేరాను.

కర్మాగారం పేరే ఊరి పేరు

కోలాఘాట్ దాటగానే దేవుల్టీ వస్తుంది. అక్కడి నుంచి లోపలికి వెళితే సామ్‌తాబేడ్ గ్రామంలో శరత్‌చంద్ర చట్టోపాధ్యాయ చివరి కాలంలో కొన్నేళ్ళు నివసించిన ఇల్లు ఉన్నది. దేవదాసును తమవాడిగానే భావించే తెలుగువారు ఆ మలుపు దగ్గర ఆగకుండా పోవడం కష్టం. ఆ రోజు మాత్రం ఆగలేదు. బాగ్‌నాన్, ఉలుబేరియా దాటి, హౌరా పొలిమేరలు చుట్టి, బాలీ వద్ద గ్రాండ్ ట్రంక్ రోడ్డు ఎక్కాను. నదికి ఆవలి ఒడ్డున దక్షిణేశ్వరం. ఈవలి ఒడ్డు వెంట ఉత్తరానికి సాగితే ఉత్తర్‌పారా.

ఉత్తర్‌పారా చరిత్ర కార్లతో మొదలు కాలేదు. జయకృష్ణ ముఖర్జీ అనే జమీందారు 1859లో ఇక్కడ నదీతీరాన స్థాపించిన గ్రంథాలయం ఈనాటికీ తెల్లని స్తంభాలతో నిలిచి ఉన్నది. దేశంలో ప్రజల కోసం తెరిచిన తొలినాటి గ్రంథాలయాలలో అదొకటి. వంగ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు జీవితపు చివరి దినాలలో, అప్పులతో, అనారోగ్యంతో వచ్చి ఆ భవనంలోనే తలదాచుకున్నాడు. అలీపూర్ జైలు నుంచి విడుదలైన శ్రీ అరవిందులు 1909 మే 30న ప్రసిద్ధమైన ఉపన్యాసం ఇచ్చినదీ ఈ ఊరిలోనే.

ఊరి రెండవ చరిత్ర 1948లో ఆరంభమైంది. 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో పుట్టిన హిందుస్థాన్ మోటార్స్ ఆ సంవత్సరం తన కర్మాగారాన్ని ఇక్కడికి మార్చింది. ఇంగ్లండులోని మోరిస్ కార్లే ఇక్కడ భారతీయమైన పేర్లతో తయారయ్యాయి. మొదట హిందుస్థాన్ 10, తరువాత 14, ఆ తరువాత ల్యాండ్‌మాస్టర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1957లో అంబాసిడర్ వచ్చింది. ఇంజన్లు మారాయి, ముందు జాలీ మారింది, దీపాలు మారాయి. ఆ గుండ్రని ఆకారం మాత్రం దాదాపు 57 సంవత్సరాలు నిలిచింది. మంత్రులూ, కలెక్టర్లూ, డాక్టర్లూ, పెళ్ళికొడుకులూ, టాక్సీ డ్రైవర్లూ అందరూ అందులోనే తిరిగారు. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మారు.

హౌరా నుంచి బర్ధమాన్ వెళ్ళే లోకల్ రైళ్ళు ఉత్తర్‌పారా తరువాత ఆగే స్టేషను పేరు 'హింద్ మోటార్'. కర్మాగారం పేరే స్టేషనుకు, దాని చుట్టూ పెరిగిన ఊరికి కూడా నిలిచిపోయింది. నేను వెళ్ళేసరికి గోడల వెంట చెట్లు అడవిగా పెరిగి ఉన్నాయి. గేటు ఎదుట టీ కొట్టు పెట్టుకున్న ముసలాయన నా కారును చూసి, గ్లాసు కడుగుతున్న చేయి ఆపి, "ముందు కుడి ఎక్కువ ఎత్తారే!" అన్నాడు. ఈ ఊరిలో టీ అమ్మేవారికి కూడా అంబాసిడర్ నిలుచున్న తీరు తెలుసు. ఎవరి దగ్గరకు వెళ్ళాలో ఆయనే చెప్పాడు.

నీళ్ళు పోసి చూసిన నేల

రైలు పట్టాల అవతల ఇరుకు సందులో ఒక రేకుల షెడ్డు. దాని యజమాని కర్మాగారంలో 30 ఏళ్ళకు పైగా ముందు ఇరుసుల విభాగంలో పనిచేసిన మనిషి. ఇప్పుడు 70 దాటాయి. తన పేరు రాయవద్దని కోరినందువల్ల నేను పిలిచినట్లే 'దాదా' అని చెబుతాను.

నేను జరిగినదంతా చెప్పాను. ఆయన కారు కిందికి దూరలేదు. పానా కూడా పట్టలేదు. షెడ్డు సిమెంటు నేల మీద ఒక చెంబు నీళ్ళు ఒలకబోసి, అవి ఏ పక్కకూ పారకుండా నిలిచిన చోటు చూపించి, "ఇక్కడ నిలపండి," అన్నాడు. నాలుగు టైర్లలో గాలి సరిచూసి పక్కకు పక్క సమానం చేశాడు. డిక్కీలోని నా సామాను దింపించాడు. ముందొకసారి, వెనుకొకసారి కారును అదిమి ఊపి వదిలాడు. అప్పుడు టేపు తీసి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి, సుద్దముక్కతో నేల మీద నాలుగు అంకెలు వేశాడు.

ముందు కుడి, ముందు ఎడమ కంటే ఒక అంగుళం ఎక్కువ. వెనుక కుడి, వెనుక ఎడమ కంటే అంగుళంపావు తక్కువ.

"మీ కారుకు జబ్బు వెనకాల ఉంది, భాయ్. మందు ముందర పోశారు," అన్నాడు దాదా.

నా ముఖం చూసి నాకు అర్థం కాలేదని గ్రహించాడు. తాను కూర్చున్న నాలుగు కాళ్ళ పీటను ముందుకు లాగి, "దీనికి వెనక కుడికాలు అరిగి పొట్టిదైంది అనుకోండి. అటు ఒరుగుతుంది. మీరేం చేశారు? ముందు కుడికాలు కింద చెక్కముక్క పెట్టారు. ఇప్పుడు పీట నిటారుగా కనిపిస్తుంది. కాని బరువంతా ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. పీట మీద కూర్చొని అటూ ఇటూ ఊగి చూపించాడు. బరువు ముందు కుడికాలి మీద, దానికి మూలగా ఉన్న వెనుక ఎడమకాలి మీద పడుతున్నది. మిగిలిన రెండూ నేలను ఊరికే తాకుతున్నాయి. బ్రేకు వేస్తే కారు పక్కకు లాగడానికి కారణం నాకు అప్పుడు బోధపడింది.

తరువాత వెనుక కుడి చక్రం దగ్గర బురద గోకి చూపించాడు. కమాను కట్టలో మూడవ పట్టీ అడ్డంగా విరిగి ఉన్నది. విరుపు తుప్పుపట్టి నల్లబడింది, అంటే చాలా నెలల కిందటిది. ఆ వర్క్‌షాపులో ఎవరూ ఒక దీపం తెచ్చి అక్కడ చూడలేదు. నేనూ చూడలేదు.

మెలి తిరిగే ఉక్కు

చాలా కార్లలో ముందు బరువును చుట్ట స్ప్రింగులు మోస్తాయి. అంబాసిడర్‌లో అవి లేవు. కారు నేల కింద, ఎడమకొకటి కుడికొకటి, పొడవు వెంట రెండు ఉక్కు కడ్డీలు ఉంటాయి. వీటిని టార్షన్ బార్లంటారు. కడ్డీ ముందు కొస చక్రాన్ని పట్టుకొనే కింది చేతిలో పళ్ళు పళ్ళుగా కూర్చుంటుంది. వెనుక కొసను కారు అడుగునున్న అడ్డ దూలానికి ఒక లీవరు ద్వారా కదలకుండా బిగిస్తారు. చక్రం గుంటలో పడి లేచినప్పుడు చేయి పైకి లేస్తుంది, కడ్డీ మెలి తిరుగుతుంది. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకొని తడి దుప్పటి పిండడం చూశారు కదా. ఒకరు కదలకుండా పట్టుకుంటే రెండవవారు మెలి తిప్పుతారు. వదిలితే దుప్పటి విచ్చుకుంటుంది. ఉక్కు కూడా అలాగే విచ్చుకొని చక్రాన్ని మళ్ళీ కిందికి నెడుతుంది.

ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే 1931లోనే ఇటువంటి అమరికకు పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1934లో తన ముందుచక్రాలు లాగే కారులో దీన్ని వాడింది. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్‌లోను, దానితోపాటే 1948లో వెలువడిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోను ఇదే పద్ధతి. ఆ వంశం వెంటే అది హుగ్లీ ఒడ్డుకు వచ్చింది. నిజానికి చుట్ట స్ప్రింగు కూడా చుట్టగా వంచిన టార్షన్ బారే. దానిలోని తీగ కూడా మెలి తిరిగే బరువును మోస్తుంది.

ఈ అమరికలో గొప్ప సదుపాయం ఒకటున్నది. వెనుక కొసను పట్టుకొన్న లీవరు కోణాన్ని కొద్దిగా మార్చితే ముందు చక్రం దగ్గర కారు ఎత్తు మారుతుంది. ఏళ్ళ తరబడి బరువు మోసిన ఉక్కు కొంచెం కొంచెంగా లొంగిపోతుంది. అప్పుడు కొత్త కడ్డీ వేయకుండానే కుంగిన కారును పైకి తీసుకురావచ్చు.

ఆ సదుపాయమే ప్రమాదం కూడా. "ఎత్తు పెంచితే బలం పెరిగిందనుకుంటారు. పెరగదు," అన్నాడు దాదా. కడ్డీ గట్టిదనం దాని పొడవునూ, లావునూ బట్టి ఉంటుంది. లావు పదో వంతు పెరిగితే గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. లీవరు తిప్పినంత మాత్రాన ఈ రెండింటిలో ఏదీ మారదు. కడ్డీ నిలిచే చోటు మాత్రమే మారుతుంది. మితిమీరి ఎత్తితే చక్రం కిందికి దిగడానికి చోటు మిగలదు. గుంట రాగానే చేయి కింది హద్దుకు తగిలి ఠప్పుమంటుంది. కోలాఘాట్ వంతెన మీద నేను విన్నది అదే.

మల్లిక్ బజారులో ఒక పట్టీ

కొత్త పట్టీ కోసం మరునాడు ఉదయం లోకల్ రైలెక్కి హౌరా చేరి, అక్కడి నుంచి 1943లో తెరిచిన హౌరా వంతెన మీదుగా కలకత్తాలోకి ప్రవేశించాను. ఎక్కినది పసుపు అంబాసిడర్ టాక్సీ. ఒకప్పుడు ఈ వంతెన మీద ఎటు చూసినా అవే కనిపించేవి. 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను నగరంలో తిరగనివ్వరాదని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. 2014 తరువాత కొత్తవి రాలేదు. కాబట్టి ప్రతి సంవత్సరం వాటి సంఖ్య తగ్గిపోతూనే ఉన్నది. డ్రైవరు తన సీటు కింది నేలను మడమతో తట్టి, "రోజంతా నేనొక్కడినే ఈ పక్కన కూర్చుంటాను కదా, అందుకే కుడి కుంగుతుంది. ఏడాదికొకసారి లేపించుకుంటాను," అన్నాడు.

పార్క్ స్ట్రీటు పోయి ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డును కలిసే చోట మల్లిక్ బజారు. మోటారు విడిభాగాల సముద్రం. కాలిబాట మీద గేరు చక్రాలు శనగల్లా రాశులు పోసి ఉంటాయి. ఒక కొట్లో దీపపు గిన్నెలు తప్ప మరొకటి దొరకదు. పక్క కొట్లో తలుపు పిడులు మాత్రమే. చీకటి గుహ వంటి ఒక కొట్లో కమాన్ల వర్తకుడు నేను తెచ్చిన విరిగిన ముక్కను చేత్తో తూచి, కొలత అడగకుండానే లోపలికి వెళ్ళి దానికి జోడు తెచ్చాడు. మందం, వెడల్పు, వంపు నేను కొలిచి చూశాను. సరిపోయాయి. "టార్షన్ బారు కూడా ఇవ్వనా? మంచివే, విప్పినవి," అన్నాడు.

దాదా ముందే హెచ్చరించాడు. తయారు చేసేటప్పుడే టార్షన్ బారును అది పనిచేయవలసిన దిక్కుకు గట్టిగా మెలి తిప్పి ఉక్కును అలవాటు చేస్తారు. ఎడమదానికి ఎడమ మెలి, కుడిదానికి కుడి మెలి. ఏ పక్కన వాడారో తెలియని కడ్డీని మరొక పక్కన వేస్తే అది త్వరలో లొంగిపోవచ్చు, విరిగిపోనూవచ్చు. పైన గోరంత గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే కడ్డీని సుత్తితో కొట్టరు, పైపు పానాతో పట్టరు. నాకు చూపించిన దాని మీద పానా పళ్ళ గాట్లు వరుసగా ఉన్నాయి. వద్దని చెప్పాను.

బజారుకు ఆనుకొనే పాత క్రైస్తవ శ్మశానవాటిక ఉన్నది. పట్టీని గోనెగుడ్డలో చుట్టుకొని లోపలికి వెళ్ళాను. మధుసూదన దత్తు సమాధి అక్కడే. ఉత్తర్‌పారా గ్రంథాలయం వదిలివచ్చిన కొద్ది దినాలకే, 1873 జూన్ 29న ఆయన మరణించాడు. యౌవనంలో మద్రాసులో ఉన్నప్పుడు రోజూ కొన్ని గంటలు సంస్కృతంతో పాటు తెలుగు కూడా చదువుతున్నానని ఆయన మిత్రునికి లేఖ రాశాడు. గోడ అవతల సుత్తుల మోత, ఇవతల చెట్ల నీడలో ఆయన. కాసేపు నిలబడి, పట్టీని భుజానికెత్తుకొని రైలు స్టేషనుకు బయలుదేరాను.

మూడుసార్లు లేపి, మూడుసార్లు దింపి

మూడవ రోజు పని. మొదట వెనుక కమాను. విరిగిన పట్టీ తీసి కొత్తది వేసి, కట్ట బిగించి, కారును దింపి మళ్ళీ కొలిచాడు దాదా. వెనుక రెండు పక్కలూ దాదాపు సమానమయ్యాయి. ముందు కుడి ఇప్పుడు మరీ పైకి కనిపించింది. చెక్కముక్క పెట్టిన పీట కాలు బయటపడింది.

ఆ తరువాతనే ఆయన ముందువైపు వెళ్ళాడు. కారును జాకీతో లేపి, చట్రం కింద రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టి, చేత్తో తోసి చూసి, అప్పుడు కింద పడుకున్నాడు. "జాకీ లేపడానికే. మోయడానికి కాదు. జాకీని నమ్మి కిందికి దూరినవాళ్ళను నేను చూశాను," అన్నాడు. తరువాత మాట పొడిగించలేదు. కడ్డీలో మెలి నిండి ఉండగా లీవరు బోల్టు విప్పితే అది మనిషి చేయి విరిచేంత వేగంగా తిరుగుతుంది. అందుకని చక్రం పూర్తిగా కిందికి వేలాడి, కడ్డీ మెలి విడిచేదాకా ఆగాడు. విప్పే ముందు లీవరు ఏ స్థానంలో ఉన్నదో సుద్దతో గీతలు గీశాడు. "ఎక్కడి నుంచి బయలుదేరామో తెలియకపోతే ఎంత దూరం వచ్చామో తెలియదు."

కుడి లీవరును కొద్దిగా వెనక్కు తిప్పాడు. ఎడమ కడ్డీ వయసుతో నిజంగానే కొంత లొంగింది కాబట్టి దాన్ని కొద్దిగా పైకి తెచ్చాడు. బిగించి కారును నేల మీదికి దింపాడు. నేను వెంటనే టేపు తీశాను. ఆయన నా చేయి ఆపాడు. కారును లేపినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దింపగానే టైర్లు నేలను పట్టుకొని వాటిని విచ్చుకోనివ్వవు. అప్పుడు కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది. ఇద్దరం కారును పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కు నెట్టాము. ఊపి వదిలాము. అప్పుడు కొలిచాము. కుడి ఇంకా అర అంగుళం ఎక్కువ.

మళ్ళీ లేపడం, స్టాండ్లు, పానా, దింపడం, నెట్టడం, ఊపడం, కొలవడం. ఈసారి ఎడమ కొంచెం ఎక్కువైంది. ఒక మూల కదిపితే మిగిలిన మూడు మూలలూ కొద్దో గొప్పో కదులుతాయి. మధ్యాహ్నం రెండు గంటలకు, మూడవసారి, తేడా పావు అంగుళం లోపలికి వచ్చింది.

అప్పుడు ఆయన నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమని, "మాసిమా ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాడు.

"వెనక ఎడమవైపు."

"బరువెంత ఉంటారు?"

"50 కిలోలు ఉంటుందేమో."

పక్క కొట్టు నుంచి 50 కిలోల బియ్యం బస్తా తెప్పించి వెనుక ఎడమ సీటులో కూర్చోబెట్టాడు. మళ్ళీ నాలుగు మూలలూ కొలిచాడు. "ఖాళీ కారుకు లెక్క పుస్తకంలో ఉంటుంది. అది ముందు సరిచేశాం. కాని ఖాళీ కారు ఎవరికి కావాలి?" అన్నాడు. అంకెలు చూసి తల ఊపాడు. చేతుల రబ్బరు బుష్‌ల బోల్టులను కారు తన బరువు మీద తాను నిలిచి ఉన్నప్పుడే చివరిగా బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి పడి కొద్ది కాలంలోనే చిరిగిపోతుందట. చివరకు చక్రాల వాలును, ముందు అంచుల దూరాన్ని సరిచేయించమని ఒక చోటుకు పంపాడు. ఎత్తు మారితే అవి కూడా మారతాయి. ఎత్తు సరిచేసి వీటిని వదిలేస్తే కొత్త టైరు కూడా అరుగుతుంది. హెడ్‌లైట్లు ఎక్కడ పడుతున్నాయో గోడ మీద చూసుకోమని కూడా చెప్పాడు.

కూలి అడిగితే నేను అనుకున్న దానిలో సగం చెప్పాడు. ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. నా కారు ఇంజను గది మూత ఎత్తి, లోపలి గోడ మీది చిన్న లోహపు పలకను గుడ్డతో తుడిచి, చాలాసేపు చూశాడు. "1978. అప్పుడు నేను కొత్తగా చేరాను. ఈ చేతులు నేను బిగించినవి కావచ్చు, కాకపోవచ్చు," అని మూత నెమ్మదిగా వేశాడు.

సాయంత్రం నది పక్కన కాసేపు ఆగాను. గ్రంథాలయం మెట్ల మీద విద్యార్థులు చదువుకుంటున్నారు. అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి. హుగ్లీకి రెండు పక్కలా, టీటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లులలో పనిచేయడానికి ఒకనాడు మన ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి వేలమంది వచ్చారు. బయలుదేరినప్పుడు ఇది పరాయి ఊరనుకున్నాను. నదికి అటూ ఇటూ ఇన్ని తెలుగు చేతులు పనిచేశాయన్న సంగతి గుర్తు రాలేదు.

తిరుగు ప్రయాణం

మరునాడు అదే కోలాఘాట్ వంతెన. అతుకుల మీద చక్రాలు ఎక్కి దిగాయి. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. టైరు చప్పుడు తప్ప మరేమీ లేదు. స్టీరింగు మీద రెండు వేళ్ళు ఉంచితే చాలు, కారు తిన్నగా పోతున్నది.

ఖరగ్‌పూర్ చేరి అన్నయ్యకు ఫోను చేసి సంగతి చెప్పాను. "నువ్వు బాగుందంటే కాదు, అమ్మ ఎక్కి చెప్పాలి," అన్నాడు. న్యాయమైన మాట.

శనివారం సాయంత్రం గుడికని కారును గుమ్మం ముందుకు తెచ్చి వెనుక ఎడమ తలుపు తీశాను. అమ్మ కర్ర నాకిచ్చి, తలుపు అంచు పట్టుకొని, వెనక్కు తిరిగి సీటు అంచు కోసం తడుముకున్నది. సీటు ఎప్పుడూ ఉండే చోటనే దొరికింది. కూర్చొని, ఒక కాలు, తరువాత రెండవ కాలు లోపలికి తీసుకున్నది. నన్ను పట్టుకోమని అడగలేదు.

రైల్వే కాలనీ దాటి, ఎప్పుడూ గుంటలతో ఉండే మార్కెట్టు వీధిలోకి మలుపు తిరిగాను. అద్దంలో ఆమె ముఖం చూస్తూ నెమ్మదిగా నడిపాను. మొదటి గుంట వచ్చింది. రెండవది వచ్చింది. ఆమె చేయి ముందు సీటు వీపును పట్టుకోవడానికి లేచి, మధ్యలో ఆగి, మళ్ళీ ఒడిలోకి వెళ్ళింది.

"ఏరా, ఈ వీధి రోడ్డు బాగు చేశారా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

ఆమె అప్పటికే కిటికీ అద్దం దింపి, పూలు అమ్మే మనిషి ఇంకా అక్కడే కూర్చుంటున్నాడా లేదా అని చూస్తున్నది.